నల్లరాతి నడుము ఎవరి కొలత?

రామప్ప గుడి చూరు కింద పన్నెండు మంది ఆడవాళ్ళు ఎనిమిది వందల ఏండ్లుగా ముందుకు వంగి నిలబడ్డారు. గుడి గోడలది ఎర్రటి ఇసుకరాయి. వీళ్ళది మాత్రం డోలరైటు, నిగనిగలాడే నల్లరాయి. గుడికి వచ్చే జనంలో పెండ్లి సంబంధాలు కుదిర్చే పెద్దమనుషులు ఉంటారు, కోడలికి రంగు తక్కువైందని నొచ్చుకున్న అత్తలు ఉంటారు, చెంపలకు పౌడరు దట్టించుకుని ఫొటోలు దిగే పిల్లలు ఉంటారు. ఇంతమందిలో ఒక్కరు కూడా మదనికలని పిలిచే ఆ బొమ్మలను చూసి ఇంకాస్త తెల్లగా ఉంటే బాగుండునని అనరు.

గోదావరిఖని నుంచి మంథని, కాటారం, భూపాలపల్లి మీదుగా రామప్పకు పోయే తోవ బొగ్గు లారీల తోవ. భూపాలపల్లిలో సింగరేణి తన గనులకు కాకతీయ ఖని అని పేరు పెట్టుకుంది. బాయి పనికి పోయేవాళ్ళ నోట అది కేటీకే అయింది. ఈ బెల్టులో నలుపు అన్నం పెట్టే రంగు. జీతం, క్వార్టరు, పిల్లల చదువు, అన్నీ ఆ రంగులోంచే వచ్చాయి. పెండ్లిచూపుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే రంగుకు కట్నంలో వెల కడతారు.

రాతిలో అందమైనది ఒంటి మీద లోపం ఎట్లా అయింది? దీనికి జవాబు అద్దాల షాపుల్లోనూ క్రీముల డబ్బాల మీదా వెతికితే సగమే దొరుకుతుంది. మిగతా సగం శిల్పుల దగ్గర ఉంది. ఆడదాని ఒంటికి అంగుళాల లెక్కన కొలతలు రాసిపెట్టింది వాళ్ళే. ఆ కొలత ఒక్కటి కాదని ఎరిగినదీ వాళ్ళే.

ముందు రామప్ప సంగతి. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. శాసనం 1213 నాటిది. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీళ్ళలో తేలే ఇటుకల గురించి, ఇసుకపెట్టె పునాది గురించి కావలసినంత రాశారు, వాటిని ఇక్కడ వదిలేస్తాను. మన పని చూరు కిందనే.

స్తంభం పైభాగం నుంచి చూరు అడుగు దాకా ఏటవాలుగా బిగించిన రాతి బొమ్మలు ఇవి. ఒకామె ఒంటికి పామును ఆభరణంలా చుట్టుకుంది. ఒకామె కాళ్ళకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. గైడులు అందరికన్నా ముందు ఆమెనే చూపించి, హైహీల్స్ మన దగ్గరే పుట్టాయని ఒక నవ్వు నవ్వుతారు. ఆ నవ్వు అయ్యాక కాసేపు ఆగి ఆ కాలునే చూడాలి. మడమ నుంచి పిక్క, పిక్క నుంచి తొడ, తొడ నుంచి తుంటి దాకా ఒకే గీత ఎక్కడా తెగకుండా పైకి పోతుంది. నడుము దగ్గర లోపలికి తగ్గి, మళ్ళీ పక్కటెముకల దగ్గర బయటికి వస్తుంది. పక్కటెముకలు అన్నానే గానీ ఎముక కనబడదు. మోకాలి చిప్ప కూడా గుర్తుపట్టడానికే ఉన్నట్టు ఉంటుంది. కండ, నరం, కీలు, ఇవేవీ శిల్పికి పట్టలేదు. ఊపిరి నిండా పీల్చుకుని బిగబట్టిన ఒళ్ళు ఎట్లా లోపలి నుంచి ఉబ్బి బిగుతుగా ఉంటుందో, చర్మం అంతటా అదే బిగువు.

ఇది చేతగాక చేసిన పని కాదు. గ్రీకు శిల్పి కండరాన్ని చూపించి ఒంటిలోని బలాన్ని చెప్పాడు. మన శిల్పి కండరాన్ని దాచి ప్రాణాన్ని చెప్పాడు. అందుకే ఈ బొమ్మలను బతికున్న మనిషి ఒంటితో పోల్చి చూస్తే మొదటి అడుగులోనే తప్పు పడుతుంది. అది మనిషి ఒంటి నకలు అని శిల్పి ఎన్నడూ చెప్పలేదు.

మరి అంత పొడుగెందుకు? కాళ్ళు సాగి, నడుము సన్నబడి, చేతులు తీగల్లా ఎందుకున్నాయి? నాకు తోచిన కారణం చూసేవాడు నిలబడే చోటులో ఉంది. గుడి ఎత్తైన పీఠం మీద ఉంది. బొమ్మ స్తంభం పైన ఉంది. మనం కింద నిలబడి తల ఎత్తి చూస్తాం. కింది నుంచి చూస్తే ఏ బొమ్మ పొడుగూ ఉన్నంతగా కనబడదు, కుదించుకుపోతుంది. ఆ లోటును రెండు విధాలుగా పూడ్చవచ్చు. బొమ్మను చూసేవాడి వైపు వంచడం ఒకటి, ఒంటిని సాగదీయడం రెండు. రామప్ప శిల్పి రెండూ చేశాడు. పైగా ఏటవాలు దిమ్మెలో ఇరుక్కున్న ఒళ్ళు కనుక అడ్డం పెరగడానికి చోటు లేదు. సన్నని నడుము వెనక ఇంత లెక్క ఉంది. చూరు కోణం, చూపు కోణం, రాతి వెడల్పు కలిసి తేల్చిన నడుము అది.

రాయి కూడా తన మాట తాను చెప్పింది. కర్ణాటకలోని బేలూరు చెన్నకేశవ ఆలయంలోనూ ఇట్లాంటి మదనికలే ఉన్నాయి, ఇట్లాగే చూరు కింద. ఆ గుడి 1117 నాటిది, హొయసల విష్ణువర్ధనుడు కట్టించాడు. ఆ మదనికలు కాస్త పొట్టి, కాస్త బొద్దు, ఒంటి నిండా నగలు, తల మీద ఆకుల పందిరి. అక్కడి రాయి గని నుంచి తీసినప్పుడు మెత్తగా ఉండే రకం. ఉలి వెన్నలోకి పోయినట్టు పోతుంది, కాబట్టి హారంలో హారం, లతలో లత చెక్కుతూ పోవచ్చు. డోలరైటుతో ఆ వేషాలు కుదరవు. సుత్తి దెబ్బ గట్టిగా పడితే అనుకున్న చోట కాకుండా ఇంకోచోట చిట్లుతుంది. మొన ఉలితో చుక్క చుక్కగా పొడుచుకుంటూ, రాయితోనే రాయిని నీళ్ళూ ఇసుకా పోసి రోజుల తరబడి రుద్దుతూ రావాలి. ఇట్లాంటి రాతిలో నగ తగ్గుతుంది, గీత మిగులుతుంది. అయినా మొండితనం కొద్దీ కాకతీయ శిల్పులు ఆభరణాల సందుల్లో సూది దూరేంత సన్నని బెజ్జాలు పెట్టారనుకోండి, అది వేరే సంగతి. ఒకే పని కోసం చెక్కిన ఆడబొమ్మ మెత్తరాతిలో బొద్దుగానూ గట్టిరాతిలో పొడుగ్గానూ వచ్చింది. రెంటిలో ఏది అందం అని అడిగితే బేలూరు శిల్పి, రామప్ప శిల్పి ఇద్దరూ నవ్వుతారు.

ఇక కొలతలు. శిల్పశాస్త్రంలో తాళం అంటే ముఖం పొడవు, నొసటి పైన జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా. అరచేయి మణికట్టు నుంచి నడిమి వేలి కొస దాకా కూడా అంతే ఉండాలి. తాళానికి 12 అంగుళాలు. ఉత్తమ దశతాళం 124 అంగుళాలు, అది శివుడు, విష్ణువు వంటి దేవుళ్ళకు. మధ్యమ దశతాళం 120, అది దేవేరులకు. అధమ దశతాళం 116. నవతాళం 108. ఇట్లా దిగుతూ దిగుతూ వినాయకుడి దగ్గర పంచతాళానికి, భూతగణాల దగ్గర చతుస్తాళానికి వస్తుంది. గ్రంథాన్ని బట్టి లెక్కల్లో తేడాలున్నాయి గానీ పద్ధతి ఇదే.

దీన్ని విన్నవాళ్ళు సాధారణంగా, చూశారా, మనవాళ్ళు అందానికి శాస్త్రం రాశారు అని మురిసిపోతారు. మురిసే ముందు అంగుళం అంటే ఎవరి వేలు అని అడగాలి. శాస్త్రం మూడు రకాల అంగుళాలు చెప్పింది. యవల గింజలను పక్కపక్కన పేర్చి తీసేది మానాంగుళం. మనిషి నడిమి వేలి కణుపుతో తీసేది మాత్రాంగుళం. మూడోది దేహలబ్ధాంగుళం. బొమ్మకు ఎంచుకున్న ఎత్తును 124 భాగాలో 120 భాగాలో చేస్తే వచ్చే ఒక్క భాగమే ఆ బొమ్మకు అంగుళం. అంటే బొమ్మను బొమ్మ వేలితోనే కొలవాలి. జానెడు విగ్రహానికి దాని అంగుళం దానిది, నిలువెత్తు విగ్రహానికి దాని అంగుళం దానిది. విగ్రహంలోని అంగాంగం పొందిక ఈ మూడో అంగుళంతోనే చూస్తారు. పక్క బొమ్మ అంగుళం తెచ్చి ఈ బొమ్మ నడుముకు పెడితే కాసెపని నేర్చుకునే కుర్రాడికి మొట్టికాయ పడుతుంది.

టేపు పట్టుకుని ముప్పైఆరు, ఇరవైనాలుగు, ముప్పైఆరు అని ఊరందరి ఆడపిల్లలకూ ఒకే అంకె చదివే మన కాలానికీ ఆ పద్ధతికీ ఇదే తేడా.

కొలత తర్వాత నిలుపు. రాతి మీద ముందు జేగురుతో నిలువు గీత ఒకటి గీస్తారు. తల నడిమి నుంచి నాభి మీదుగా రెండు పాదాల మధ్యకు దిగే సూత్రం అది. ఒళ్ళు ఆ గీతకు రెండు వైపులా సమంగా ఉంటే సమభంగం. తుంటి కాస్త పక్కకు జరిగితే ఆభంగం. తల ఒకవైపు, మొండెం ఇంకోవైపు, తుంటి మళ్ళీ మొదటివైపు ఒరిగితే త్రిభంగం. ఇంకా తీవ్రంగా మెలిపడితే అతిభంగం. గర్భగుడిలో పూజలందుకునే మూర్తికి సమభంగమో ఆభంగమో తప్ప పెద్దగా వంపులు ఉండవు. వంపులన్నీ బయట, గోడల మీదా చూరు కిందా. మదనిక బరువంతా ఒక కాలి మీద పడుతుంది, రెండో కాలు తేలికవుతుంది, ఆ తేలికవడంలోంచే నడుము వంపు పుడుతుంది. ఆ వంపుకు మొదలు పాదంలో ఉంది. నాట్యం నేర్చినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. గణపతిదేవుడి ఏనుగుల దళపతి (గజసాహిణి) జాయప సేనాని 13వ శతాబ్దంలోనే నృత్తరత్నావళి రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్ళీ నిలబెట్టేటప్పుడు ఆ గ్రంథంతో పాటు రామప్ప రాళ్ళనూ పాఠంలా చదివారు.

ఈ పరంపర గొప్పతనం నాకు మదనికల్లో కన్నా వాళ్ళ పక్కన చోటు దొరికిన మిగతా ఒళ్ళల్లో ఎక్కువ కనబడుతుంది. అయిదు తాళాల బొజ్జ గణపయ్యకు తొలిపూజ. మూడు కాళ్ళతో, ఎముకల గూడుతో ఉండే భృంగి శివుడి పక్కనే ఆడుతుంటాడు. చాముండకు కళ్ళు గుంటలు పడి, పొట్ట వీపుకు అంటి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంటాయి; సప్తమాతృకల వరుసలో ఆమెకు స్థానం ఖాయం. అలంపురం మ్యూజియంలో లజ్జాగౌరి ఉంది, తల లేదు, ఒళ్ళు మాత్రమే, ప్రసవానికి సిద్ధమైన ఆడదాని ఒళ్ళు. లావు పొట్టతో, జారిన రొమ్ములతో కూర్చునే జ్యేష్ఠాదేవికి ఒకప్పుడు దక్షిణాదిలో విడిగా పూజలుండేవి. తర్వాత ఆమెను దరిద్రదేవతను చేసి ఇంట్లోకి రానివ్వడం మానేశాం. లావైన దేవత గుడి నుంచి ఎప్పుడు బయటపడిందో వెతికితే మన అందం కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం దొరుకుతుందని నా అనుమానం.

అలాగని పాతదంతా మేలు అని చెప్పబోవడం లేదు. రామప్ప చూరు కింద ముసలమ్మ లేదు. నాట్యగ్రంథం అభినయ దర్పణంలో రంగం మీదికి ఎవరు పనికిరారో ఒక జాబితా ఉంది: మరీ లావు, మరీ సన్నం, మరీ పొడుగు, మరీ పొట్టి, జుట్టు పలచన, పెదవి లావు, రొమ్ము జారినది, గూని, ఇట్లా సాగుతుంది. సినిమా ఆఫీసుల్లో ఇప్పుడు నోటితో చెప్పేదాన్ని ఆ గ్రంథకర్త శ్లోకంలో చెప్పాడు, అంతే. ఒంటికి గీటురాయి పెట్టడం మనకు ఇంగ్లీషువాడు నేర్పలేదు. కానీ ఆ జాబితాలో కూడా రంగు తక్కువ అనే మాట లేదు.

తెలుపు ఎక్కడి నుంచి వచ్చిందంటే కారణాలు చాలా చెప్పవచ్చు. దేవతల వరకు చూస్తే అచ్చు యంత్రం చేసిన పని చిన్నది కాదు. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు నుంచి లక్ష్మీ సరస్వతుల రంగు బొమ్మలు దేశమంతా ఇండ్లకు చేరాయి. అంతకుముందు అమ్మవారు అంటే నల్లరాయో, పసుపు ముద్దో, ఇత్తడి ముఖమో. ఆ తర్వాత అమ్మవారు అంటే తెల్లటి చేతులున్న, జరీ చీర కట్టిన దొరసాని. క్యాలెండరు ఆ ముఖాన్ని గోడకు కొట్టింది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ ఆ ముఖాన్ని ట్యూబులో పెట్టి అమ్మింది. 2020లో దాని పేరులోంచి ఫెయిర్ పోయి గ్లో వచ్చింది.

అయితే ముఖమే లేని తల్లీ మనకు ఉంది. రామగుండం పక్కన గోలివాడలో సమ్మక్క జాతర జరుగుతుంది, మేడారం దాకా పోలేనివాళ్ళు అక్కడ మొక్కుకుంటారు. మేడారంలో అయినా ఇక్కడ అయినా తల్లికి ముఖం లేదు, నడుము లేదు. వెదురు, కుంకుమ భరిణె. గద్దె మీదికి వచ్చేది అదే. ఎత్తుబంగారం అనే బెల్లం మాత్రం మొక్కుకున్న మనిషి బరువుకు తూచి ఇస్తారు, లావైనా సన్నమైనా ఎవరి బరువు వాళ్ళది. ఫ్లెక్సీల మీద ఆ తల్లులకు సినిమా తారల ముఖాలు అతికించడం ఈ మధ్య మొదలైంది.

మంచిర్యాల దాటి ఆసిఫాబాద్ అడవుల్లోకి పోతే జైనూరు మండలం ఉషేగాంలో, ఆ చుట్టుపక్కల కేస్లాగూడలో ఓజాలు ఉన్నారు. గోండులకు దేవుళ్ళను, గంటలను, నగలను పోతపోసి ఇచ్చే కులం. వాళ్ళ పనికి ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొదట మట్టితో లోపలి ముద్ద చేసుకుని ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం కలిపి దారాలుగా లాగుతారు. ఆ దారాలను మట్టి ముద్ద మీద పక్కపక్కనే అంటిస్తూ ఒళ్ళు కడతారు. జడ, కడియం, కోక అంచు, అన్నీ దారమే. పైన మెత్తటి మట్టి పొర, దాని మీద గరుకు మట్టి పొర వేసి, కాల్చితే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొట్టాలి. కాబట్టి ఒక అచ్చుకు ఒకే బొమ్మ.

ఈ బొమ్మల్లో ఆడమనిషికి మెడ పొడుగు, చేతులు కట్టెల్లా సన్నం, కాళ్ళు చిన్నవి, మొండెం గొట్టం లాంటిది. రామప్ప కొలతతో చూస్తే ఒక్క అవయవం సరిగ్గా లేదు. తల మీద బుట్ట, చంకన బిడ్డ, చేతిలో కర్ర ఉన్నాయి కదా, ఆమె ఎవరో, ఎటు పోతుందో తెలిసిపోతుంది. ఓజా చేతికి కావలసింది అంతే. దారం దారంగా కట్టిన ఒంటికి నునుపు రాదు, రావాలని వాళ్ళు కోరుకోరు కూడా. ఎగ్జిబిషన్లలో కొనేవాళ్ళు ఆ గీరలను చూసే ముచ్చటపడతారు, ఇంటికి పోయి తమ పొట్ట మీది గీరలకు మందు రాసుకుంటారు.

గోదావరిఖని లక్ష్మీనగర్‌లో సాయంత్రం అడ్డం పడి నడిస్తే ఒక సంగతి తడుతుంది. ఈ బొగ్గు ఊళ్ళలో అందరికన్నా ఎక్కువమంది చూసే ఆడశిల్పం రామప్పలో లేదు. బట్టల దుకాణం అద్దం వెనక ఉంది. ఫైబర్‌గ్లాస్ బొమ్మ, గోధుమ రంగు కన్నా తెలుపు, నిటారు ముక్కు, మనుషులకు ఉండనంత పొడుగు కాళ్ళు. ఒక పక్కగా పోయి దాని వీపు చూడండి. చీర కుచ్చిళ్ళు వెనక క్లిప్పులు పెట్టి లాగి ఉంటాయి. జాకెట్టు రెండంగుళాలు మడిచి పిన్నులు గుచ్చి ఉంటుంది. ఆ బొమ్మకే ఆ బట్టలు సరిపోలేదు. ముందు నుంచి చూసే ఆడపిల్లకు మాత్రం, ఆ చీర తనకు అట్లా కుదరకపోతే లోపం తన ఒంటిలో ఉందనిపిస్తుంది.

సరిగ్గా ఆ ఫైబర్‌గ్లాస్‌నే పట్టుకుని దాని మీదే తిరగబడ్డ తెలుగు శిల్పి జి. రవీందర్‌రెడ్డి. 1956లో సూర్యాపేటలో పుట్టి, బరోడాలో శిల్పం చదివి, లండన్‌లో గోల్డ్‌స్మిత్స్ కాలేజీ, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ చూసి, అహ్మదాబాద్ కనోరియా సెంటర్‌లో పనిచేసి, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శిల్పం బోధించారు. లండన్ చూసి వచ్చినవాడు తెల్లపాలరాతి దేవకన్యలను చెక్కలేదు. పూల కొప్పులు పెట్టుకున్న మన వీధి ఆడవాళ్ళ తలలు చేశారు, మనిషి ఎత్తును మించిన తలలు. వాటి పేర్లు కృష్ణవేణి, రాధ. ఒకదాని పేరు కాపులపాడ స్త్రీ.

ఆయన పని తీరు మట్టితోనే మొదలవుతుంది. బంకమట్టితో తలను కట్టి, దాని మీద ప్లాస్టర్ అచ్చు తీసి, అచ్చులో పాలిస్టర్ రెజిన్, గాజునార పొరలు పొరలుగా వేసి పోత తీస్తారు. తర్వాత రాకి రాకి, ఒక్క గరుకు కూడా మిగలకుండా నునుపు చేస్తారు. దాని మీద రంగు, చాలాసార్లు బంగారు రేకు. ముక్కు వెడల్పు, పెదవులు లావు, చెంపలు నిండు. వీటిలో లావు పెదవి అభినయ దర్పణం జాబితాలో కొట్టేసినదే, అన్నీ అద్దం వెనక బొమ్మకు లేనివే. కానీ ముక్కుపుడక, కమ్మలు, కొప్పు మీద వరుసలు తీరిన పూలు ఎంత శ్రద్ధగా ఉంటాయంటే, ఆమె తయారై మన ముందుకు వచ్చి నిలబడిందని తెలుస్తుంది, తయారవడానికి ఎవరి అనుమతీ అడగలేదనీ తెలుస్తుంది.

అన్నిటికన్నా కళ్ళు. రెప్ప వాలదు. గుడ్డు తెల్లగా, పాప నల్లగా, విప్పార్చి సూటిగా చూస్తాయి. ఇది పోచమ్మ చూపు. గ్రామదేవత ముందు నిలబడ్డవాడికి తాను చూస్తున్నానా, అమ్మే తనను చూస్తున్నదా అని ఒక క్షణం తడబాటు వస్తుంది. రామప్ప మదనిక మనవైపు చూడదు, పక్కకో కిందికో చూస్తుంది, మనం తనను చూడటానికి వీలుగా. ఈ తల మన చూపును తిప్పికొడుతుంది. ఆ ఒక్క మార్పుతో అందం కొలిచేవాడి పరిస్థితి తారుమారవుతుంది. 2001లో పిట్స్‌బర్గ్‌లోని ఆండీ వార్హోల్ మ్యూజియంలో ఈ తలలు పెట్టారు. ఆ ఊరు కూడా బొగ్గు, ఉక్కు మీద బతికిన ఊరే.

ఆయన ఒక్కరే కాదు. మెదక్ జిల్లా నిజాంపురం నుంచి వచ్చిన కె. లక్ష్మాగౌడ్ కాల్చిన మట్టిలో పల్లె ముఖాలను చేశారు. మన కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం శిల్పి కాదు, చిత్రకారుడు. కానీ పెద్ద బొట్టు పెట్టిన నల్లని తెలంగాణ ఆడవాళ్ళను ఆయన మొదట గీసింది ఎక్కువగా బొగ్గుతో. ఈ బెల్టు వాళ్ళం ఆ మాత్రం గర్వపడితే తప్పులేదు.

ఈ చర్చ గ్యాలరీల్లోనే జరిగి ఉంటే మనదాకా వచ్చేది కాదు. 2024 డిసెంబర్ 9న వీధిలోకి వచ్చింది. ఆ రోజు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సచివాలయంలో కొత్త తెలంగాణ తల్లి విగ్రహాన్ని ఆవిష్కరించారు. ప్రొఫెసర్ గంగాధర్ రూపం గీయగా శిల్పి రమణారెడ్డి చేసిన 17 అడుగుల బొమ్మ. ఉద్యమకాలం నుంచి ఊరూరా ఉన్న పాత తల్లికి కిరీటం ఉంది, ఒంటి నిండా బంగారం ఉంది, చేతిలో బతుకమ్మ ఉంది. కొత్త తల్లికి కిరీటం లేదు. ఆకుపచ్చ చీర, కొద్దిపాటి నగలు, ఎడమ చేతిలో వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న, కుడి చేయి అభయం. ప్రతిపక్షం బతుకమ్మ ఏదని, కిరీటం ఎందుకు తీశారని అడిగింది. మా అమ్మలకు కిరీటాలు ఎక్కడివని ప్రభుత్వం వైపు వాళ్ళు అన్నారు.

రాజకీయం రాజకీయమే. శిల్పం వైపు నుంచి చూస్తే ఇది ఏ తాళంలో చెక్కాలన్న తగువు. దేవేరి అయితే 120 అంగుళాలు, కిరీటం, నగలు. మనిషి తల్లి అయితే ఆ లెక్క మారాలి. పాత బొమ్మ దేవత వేషంలో ఉన్న ఆడమనిషి. కొత్త బొమ్మ ఆడమనిషి వేషంలో ఉన్న దేవత, ఎందుకంటే కిరీటం తీశారు గానీ ముఖంలో నునుపు, ఒంటి పొందిక, అభయ హస్తం దేవతవే ఉంచారు. నాట్లు వేసి వంగిన వీపు, పత్తి ఏరి పగిలిన వేళ్ళు రెంటిలోనూ లేవు. బతుకమ్మ విషయంలో మాత్రం నా మొగ్గు పాత బొమ్మ వైపే. గుమ్మడి ఆకు మీద తంగేడు, గునుగు పేర్చే పని మా ఆడవాళ్ళు చేసే శిల్పం. ఆ చేతిలోంచి దాన్ని తీసేస్తే శిల్పిని తీసేసినట్టే.

ఇక మన కూడళ్ళలో బొగ్గుగని కార్మికుడి బొమ్మ. టోపీ, టోపీకి లైటు, తట్టా చెమ్మస్ (పార), పలకలు తేలిన ఛాతీ, బిగిసిన దండ చేయి. ఆడపిల్లకు మదనిక ఎట్లాగో మగపిల్లవాడికి ఇది అట్లాంటి కొలతే. ఫిల్లర్‌గా పనిచేసిన మనిషి ఒళ్ళు దగ్గర నుంచి చూసినవాళ్ళకు తెలుసు. టబ్బులు నింపీ నింపీ ఒక భుజం కిందికి దిగుతుంది. తక్కువ ఎత్తు పైకప్పు కింద ఏండ్ల తరబడి వంగి నడిచి మెడ ముందుకు వస్తుంది. చర్మంలో దిగిన బొగ్గు రజను పాత గాయాల చోట నీలి మచ్చగా మిగిలిపోతుంది. శాస్త్రం భాషలో చెబితే అది ఆభంగమే, ఒళ్ళు సూత్రం నుంచి తప్పింది. నాట్యం వల్ల కాదు, పని వల్ల. చౌరస్తా శిల్పి దాన్ని సమభంగానికి దిద్దేశాడు. ఒకే అచ్చులోంచి ఫైబర్ బొమ్మలు తీస్తూ పోయే చోట ఇంకేమి ఆశిస్తాం?

ఆడ కార్మికురాలి బొమ్మ పెట్టాలంటే చిక్కు ఇంకా పెద్దది. 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం పగటి షిఫ్టులో దిగవచ్చని షరతులతో సడలింపు ఇచ్చింది. కారుణ్య నియామకాల కింద చేరిన ఆడపిల్లలు ఇప్పుడు సింగరేణి మస్టర్లలో కనబడుతున్నారు. శిల్పి వాళ్ళలో ఒకామెను ఎదురుగా నిలబెట్టుకుని జేగురు గీత గీయడం మొదలుపెడితే మొదటి సమస్య అక్కడే వస్తుంది. నడుము బెల్టుకు ఒక పక్క టోపీ లైటు బ్యాటరీ, ఇంకో పక్క సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా వేలాడుతుంటాయి. రెండింటి బరువూ ఒకటి కాదు, కాబట్టి తుంటి ఎటో ఒకవైపు జరుగుతుంది. ఎటు జరుగుతుందో శాస్త్రంలో లేదు, ఆమెను చూసి గీయాల్సిందే. నడుము వంపు కోసం ఒక కాలు తేలిక చేద్దామంటే గంబూట్లలో త్రిభంగం కుదరదు.